రైలు లేని ఊళ్ళో రైలు డబ్బా

మా భాంజా కువైట్ నుంచి సెలవుకి వచ్చిన ప్రతిసారీ ఇంట్లో అందరికీ ఏదో ఒకటి తెస్తాడు. అమ్మీకి జానమాజ్, అబ్బాకి ఖర్జూరాలు, పిల్లలకి చాక్లెట్లు. నాలుగేళ్ళ కిందట నా చేతిలో ఓ చిన్న అట్టపెట్టె పెట్టాడు. "మామూ, కోనసీమకు రైలొస్తోందని మీరు ఏటా రాస్తూనే ఉంటారు కదా. ఇదిగో, నేనే తెచ్చేశాను" అని నవ్వాడు. మజాకే గానీ కాస్త గట్టిగా తగిలింది. నేనూ నవ్వేసి పెట్టెను బీరువా మీద పెట్టాను. మూడేళ్ళపాటు అది అక్కడే ఉంది.

పెట్టె మీద బొమ్మ చూసి పిల్లలు రైలనుకున్నారు. లోపల ఉన్నది ఒక్క డబ్బా. అంగ్రేజుల దేశంలో తయారైన నాలుగు చక్రాల గూడ్స్ వ్యాగన్ నమూనా. అదీ పూర్తి డబ్బా కాదు, ముక్కలు. ప్లాస్టిక్ చట్రాలకు కాయల్లా వేలాడుతున్న గోడలు, తలుపులు, బ్రేకు కర్రలు, ఇరుసు పెట్టెలు. విడిగా ఒక సంచిలో రెండు జతల ఇనప చక్రాలు. నాలుగు మడతల కాగితం మీద ఏ ముక్క ఎక్కడ జోడించాలో బొమ్మలు.

అమలాపురం వాళ్ళకి రైలంటే ఏమిటో బయటి ఊళ్ళవాళ్ళకి చెప్పడం కష్టం. నేను ఉర్దూ మీడియం బడిలో 'రే సే రేల్' అని పలక మీద దిద్దాను. తర్వాత డిగ్రీలో మా తెలుగు మాస్టారు 'ధూమశకటం' అని చెప్పారు. రెండు జుబాన్లలోనూ మాట వచ్చింది గానీ మా ఊరికి రైలు మాత్రం రాలేదు. ఇప్పుడు మాది జిల్లా కేంద్రం కూడా. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా అయ్యింది. అయినా రైలెక్కాలంటే రాజమండ్రో, కాకినాడో, నర్సాపురమో పోవాల్సిందే.

కిందటి రమజాన్ తర్వాత అబ్బాకి కంటి ఆపరేషన్ అయ్యింది. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి ఆయన. శుక్లాలు పట్టి మూడేళ్ళు పనిముట్లు ముట్టుకోలేదు. కట్టు విప్పిన వారానికి ఇల్లంతా కొత్తగా చూస్తూ, బీరువా మీద పెట్టె చూసి "అది ఏమిటి?" అన్నారు. చెప్పాను. కాసేపు ఖామోష్‌గా ఉండి, "సర్కారు రైలు సర్కారు ఇష్టం. నీ చేతిలో ఉన్న డబ్బానైనా నువ్వు జోడించు బేటా" అన్నారు.

అలా మొదలయ్యింది. పని చేసింది నేను, ఉస్తాద్ ఆయన. చేతులు వణుకుతున్నాయి కాబట్టి తాను ముట్టుకోనన్నారు. తన పాత చెక్కపెట్టె మాత్రం తెరిచి ఇచ్చారు. సన్న మొనల చిమటాలు, మీసం వెంట్రుకంత పల్చటి ఆకురాళ్ళు, కంటికి బిగించుకునే భూతద్దం. ఈ షౌక్ ఉన్నవాళ్ళు డబ్బు పోసి కొనుక్కునే సామానంతా మా ఇంట్లో ముందునుంచే ఉందన్నమాట.

ఈ డబ్బా వెనక ఉన్న తారీఖు వెతుకుతూ పోతే నాకు దొరికింది ఇది: అస్లీ రైళ్ళు కూడా మన దేశానికి ఇలాగే వచ్చాయి.

1853 ఏప్రిల్ 16న బొంబాయి బోరీబందర్ నుంచి ఠాణేకి మొదటి ప్యాసింజర్ బండి నడిచింది. దూరం 34 కిలోమీటర్లు. ఆ బండిని లాగిన ఇంజన్లు బ్రిటన్ నుంచి ఓడల్లో వచ్చాయి. ఆ తర్వాత చాలా ఏళ్ళు తరీఖా అదే. ఇంజన్ని అక్కడ బిగించి, నడిపి చూసి, మళ్ళీ ఊడదీసి, ముక్కలకు గుర్తులు వేసి, పెట్టెల్లో సర్ది పంపేవారు. వ్యాగన్ల అడుగు చట్రాలు, చక్రాలు, ఇరుసులు కూడా అంతే. ఇక్కడి వర్క్‌షాపుల్లో మన మేస్త్రీలు, లోహార్లు, వడ్రంగులు వాటిని జోడించి, పైన టేకు చెక్కతో పెట్టె కట్టి, రంగు వేసేవారు. మద్రాసు పెరంబూరులో, బీహారు జమాల్‌పూర్‌లో, నిజాం గారి రైల్వేకి 1893 నుంచి సికింద్రాబాద్ లాలాగూడలో ఈ పని జరిగింది. హిందుస్తాన్‌లోనే పూర్తిగా తయారైన మొదటి ఇంజన్ 1895లో అజ్మీర్ వర్క్‌షాపు నుంచి బయటికొచ్చింది. అంటే రైలు వచ్చాక నలభై రెండేళ్ళకి. అప్పటిదాకా మనం పెట్టె విప్పి, కాగితం మీద బొమ్మ చూసి, ముక్కలు బిగించిన జోడింపుదారులమే.

ఆ మేస్త్రీల పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. వాళ్ళ జుబాన్ మాత్రం రైల్వేలో మిగిలింది. వర్క్‌షాపుల్లో బరువు పనులు చేసే మనిషిని ఇప్పటికీ 'ఖలాసీ' అంటారు. అది ఒకప్పుడు ఓడల మీది పనివాళ్ళ పేరు. రేవులో ముక్కలు దింపిన చేతులే వర్క్‌షాపు దాకా వెళ్ళాయని ఆ ఒక్క మాట చెబుతుంది. ఇంకోటి చూడండి. కాకినాడ నుంచి మద్రాసు వైపు పోయే బండి పేరు సర్కార్ ఎక్స్‌ప్రెస్. గవర్నమెంటు బండి అని కాదు దాని అర్థం. మన కోస్తా జిల్లాలను నిజాం కాలంలో 'సర్కారులు' అనేవారు. రాజమండ్రి సర్కారు, ఏలూరు సర్కారు, చికాకోల్ సర్కారు. ఆ ఫార్సీ మాట మూడొందల ఏళ్ళు దాటి వచ్చి బండి పెట్టెల మీద కూర్చుంది. రోజూ చదివి ఎక్కే ముసాఫిర్లలో ఎంతమందికి తెలుసో!

సరే, మా డబ్బా దగ్గరికి వద్దాం.

మొదట ముక్కలన్నిటినీ సబ్బు నీళ్ళలో కడగాలి. అచ్చులోంచి సులువుగా ఊడి రావడానికి ఫ్యాక్టరీలో పూసే జిడ్డు వాటి మీద ఉంటుంది. అది పోకపోతే రంగు పట్టదు. తర్వాత ఒక్కో ముక్కనీ చట్రం నుంచి కత్తిరించి, మిగిలిన మొటిమను ఆకురాయితో సాపు చెయ్యాలి. నేను మొదటి గోడ విరిచి లాగబోతుంటే అబ్బా నా మణికట్టు మీద టక్కున కొట్టారు. "జోర్ నక్కో కర్. ముక్క తనంతట తాను రావాలి." నలభై ఆరేళ్ళ వయసులో అబ్బా చేత దెబ్బ తినడం, అదీ మా బిటియా ఎదురుగా! ఆమె నవ్వు ఆపుకోలేక లోపలికి పరుగెత్తింది.

అంటించే మందు మనకు తెలిసిన జిగురు లాంటిది కాదు. నీళ్ళలా పలచగా ఉంటుంది. రెండు ముక్కలు పట్టుకుని అతుకు మీద బ్రష్షుతో తాకిస్తే సందులోకి అదే పాకిపోతుంది. ప్లాస్టిక్‌ని కాస్త కరిగించి రెండిటినీ ఒకటి చేస్తుంది. ఒకసారి ఆరాక విడదీయలేం, అందుకే మూలలు సరిగ్గా చూసుకోవాలి. ఒక గోడ వెంట్రుక వాసి వంగినా అడుగు చట్రం మెలి తిరుగుతుంది, నాలుగు చక్రాల్లో ఒకటి గాలిలో తేలుతుంది. దానికి అబ్బా చెప్పిన పరీక్ష తేలిక. డబ్బాని అద్దం మీద పెట్టి మూలన వేలితో తాకడం. టక్ టక్‌మంటే తేడా ఉన్నట్టు. మాది మొదటిసారి టక్‌మంది. ఆ వైపు ఇరుసు పెట్టె ఊడదీసి మళ్ళీ కూర్చోబెట్టేసరికి ఒక ఆదివారం గడిచిపోయింది.

ఆ ఇరుసు పెట్టెలు చూసే అబ్బా ముఖం వెలిగింది. ఇరుసు రెండు చివరలూ సూది మొనల్లా చెక్కి ఉంటాయి. అవి ఆవగింజంత ఇత్తడి గిన్నెల్లో కూర్చుంటాయి. అంత సన్నటి మొన మీద తిరుగుతుంది కాబట్టి రాపిడి తక్కువ, ఊదితే చాలు చక్రం దొర్లుతుంది. "ఇది మన గడియారమే! అక్కడ రాయి, ఇక్కడ పిత్తల్, అంతే" అన్నారు. ఆరోజు రాత్రి భోజనం దగ్గర కూడా అదే గుఫ్తగూ.

ఈ నమూనాల పైమానా గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే అందులో ఒక అబద్ధం ఉంది. బ్రిటన్‌లో ఎక్కువమంది వాడే పైమానాలో అస్లీ బండి ఒక అడుగుంటే నమూనా 4 మిల్లీమీటర్లు. పదిహేడున్నర అడుగుల వ్యాగన్ 7 సెంటీమీటర్లకు వస్తుంది. ఆ లెక్కన మన బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం, అంటే అయిదున్నర అడుగులు, 22 మిల్లీమీటర్లు ఉండాలి. కానీ బజారులో అమ్మే బొమ్మ పట్టా 16.5 మిల్లీమీటర్లే. కచ్చితంగా ముప్పావు వంతు. తొలి రోజుల్లో బ్రిటన్ ఇంజన్లు చిన్నవి కావడంతో వాటి నమూనాల్లో మోటారు పట్టలేదు. పైన బండిని కాస్త పెద్దది చేసి కింద పట్టాని పాత కొలతలోనే ఉంచేశారు. 1938లో లివర్‌పూల్‌లోని హార్న్‌బీ కంపెనీ కరెంటు రైళ్ళు ఈ కొలతలో తెచ్చాక ఇక అదే రివాజు అయిపోయింది. మా బిటియా ఈ హిసాబు విని, "అయితే మన ఊరి రైలు దీనికన్నా అన్యాయం కదా అబ్బా, అక్కడ ముప్పావు కూడా లేదు" అంది. పత్రికలో నేను ఇరవై ఏళ్ళుగా చెప్పలేని మాట ఇది.

ఇక కోటిపల్లి సంగతి.

కోనసీమకు రైలు అసలు అందనే లేదనడం పూర్తి నిజం కాదు. గుమ్మం దాకా వచ్చింది. 1928లో కాకినాడ నుంచి కోటిపల్లికి లైను వేశారు. దాదాపు 45 కిలోమీటర్లు. కోటిపల్లి గౌతమి గట్టున ఉంటుంది, నది దాటితే ముక్తేశ్వరం, అక్కడ నుంచి మన కోనసీమ. మా దాదాజాన్‌ది కొబ్బరి తాళ్ళ వ్యాపారం. కట్టలు కట్టి ముక్తేశ్వరం రేవులో పడవకెత్తి, అవతల కోటిపల్లిలో గూడ్స్ డబ్బాలో వేసి కాకినాడ పంపేవారట. దాదాజాన్ నా చిన్నప్పుడే అల్లాహ్‌కు ప్యారే అయ్యారు. ఆయన చెప్పిన ఖిస్సాలు నాకు అబ్బా నోటనే తెలుసు. గూడ్స్ డబ్బా తలుపు జరిపితే వచ్చే చప్పుడు దాదాజాన్ నోటితో చేసి చూపించేవారట. అబ్బా కూడా చేసి చూపిస్తారు. ఆ చప్పుడు ఆయన ఎన్నడూ విన్నది కాదు, వాళ్ళ నాన్న నోట విన్నది.

పన్నెండేళ్ళే ఆ భాగ్యం. 1940లో రెండో ప్రపంచ యుద్ధం కోసం ఆ పట్టాలు పీకేశారు. యుద్ధానికి ఇనుము కావాలి, పట్టాలు కావాలి. దేశంలో లాభం తక్కువ అనుకున్న బ్రాంచి లైన్లు కొన్నిటిని ఇలాగే ఊడదీశారు. హిందుస్తాన్ నుంచి పట్టాలు, ఇంజన్లు, వ్యాగన్లు మధ్యప్రాచ్యానికి ఓడలెక్కాయి. దాదాజాన్ మాత్రం "మన పట్టాలు బస్రా పోయాయి" అనే చెప్పేవారట. మా ఖాందాన్‌లో అది కహావత్ అయిపోయింది. ఏదైనా పోతే బస్రా పోయిందంటాం. కోనసీమ కుర్రాళ్ళు కువైట్‌కీ, ఖతర్‌కీ, మస్కట్‌కీ వలస పోవడం తర్వాతి కథ. మనుషుల కన్నా ముందు మన ఇనుము పోయింది.

తమాషా ఏమిటంటే ఆ యుద్ధంలోనే లివర్‌పూల్‌లోని ఆ బొమ్మ రైళ్ళ ఫ్యాక్టరీ కూడా బొమ్మలు ఆపేసి యుద్ధ సామాను చెయ్యాల్సి వచ్చింది. కోటిపల్లిలో అస్లీ రైలు ఆగింది, అక్కడ నఖిలీ రైలు ఆగింది. యుద్ధం అయ్యాక వాళ్ళ నమూనాలు మళ్ళీ మొదలయ్యాయి. 1959 నాటికి కిట్‌మాస్టర్ లాంటి కంపెనీలు ప్లాస్టిక్ ముక్కల రైళ్ళు అమ్మసాగాయి. కోటిపల్లి పట్టాలు మళ్ళీ పడింది 2004లో. ఊడదీసిన దాన్ని తిరిగి జోడించడానికి అరవై నాలుగేళ్ళు. ఆ పట్టా మీద చాలాకాలం నడిచింది ఒక రైలు బస్సు. నేను ఎక్కాను. కిటికీలోంచి వరి చేలు చూస్తూ కోటిపల్లి దాకా వెళ్ళి, రేవులో పంటు ఎక్కి ఇవతలికి వచ్చాను. నా జిందగీలో రైలు దిగి ఇంటికి నేరుగా నది దాటి వచ్చింది ఆ ఒక్కసారే.

ఉమ్మత్ చరిత్రలో ఇలాంటిదే ఇంకో లైను ఉంది. ఉమ్రాకి వెళ్ళిన మన పెద్దలు మదీనాలో పాత రైల్వే స్టేషను చూసే ఉంటారు. ఇప్పుడది మ్యూజియం. 1900లో సుల్తాన్ అబ్దుల్ హమీద్ డమాస్కస్ నుంచి మదీనాకు హిజాజ్ రైల్వే కట్టిస్తానని ప్రకటించారు. యూరప్ బ్యాంకుల అప్పు మీద కాకుండా ముస్లింల చందాలతో కట్టాలని సంకల్పం. హిందుస్తాన్ నుంచి కూడా చందాలు వెళ్ళాయి. లాహోర్‌లో ముహమ్మద్ ఇన్షాఅల్లాహ్ అనే ఉర్దూ పత్రికా సంపాదకుడు దీని కోసం ఏళ్ళ తరబడి రాశారు, పోగు చేశారు. మా పేషా మనిషి కాబట్టి ఆయన పేరు చెబుతుంటే నాకు కాస్త ఫఖర్. 1908లో బండి మదీనా చేరింది. దాదాపు 1300 కిలోమీటర్లు. ఒంటెల మీద నలభై రోజుల దారి కొద్ది రోజుల్లోకి వచ్చింది. పదేళ్ళు తిరక్కుండా మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ పట్టాలు పేల్చేశారు, పీకేశారు. చివరికి మదీనా దాకా ఆ బండి నడవడం ఆగిపోయింది. ఇన్షాఅల్లాహ్ గారు రాసిన దానికి ఒక రైలైనా నడిచింది. నేను రాసిన దానికి ఏమయ్యిందన్నది నన్ను నేను అడక్క తప్పని ప్రశ్న.

కోటిపల్లి నుంచి అమలాపురం, రాజోలు మీదుగా నర్సాపురం దాకా రైలు లైను 2000-01లో మంజూరైంది. దాదాపు 57 కిలోమీటర్లు. దూరం చిన్నదే గానీ గౌతమి, వైనతేయ, వశిష్ఠ అని మూడు గోదావరి పాయలు దాటాలి, మూడు పెద్ద వంతెనలు కావాలి. దీని కోసం పట్టుబట్టింది అమలాపురం ఎంపీగా లోక్‌సభ స్పీకర్ అయిన జి.ఎం.సి. బాలయోగి. ఆయన 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఆ రోజు మా ఊళ్ళో మజహబు, కులం చూడకుండా ఏడ్చిన మనుషుల్ని నేను చూశాను. తర్వాత భూసేకరణ, రాష్ట్రం వాటా ఎంత, కేంద్రం వాటా ఎంత, ఈ ఏడు కేటాయింపు ఎంత... ఈ హిసాబులన్నీ నేనే రాశాను. రైల్వే బడ్జెట్ విడిగా ఉన్నన్ని రోజులూ, 2017 నుంచి మామూలు బడ్జెట్‌లో కలిసిపోయాక కూడా, ప్రతి ఏడూ ఆ రోజు నా ఖబర్ తయారుగా ఉండేది. అంకెలు మార్చడమే. 'త్వరలో' అన్న మాట ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. రాసిన ప్రతిసారీ అబ్బా పేపర్ మడిచి దిండు కింద పెట్టుకునేవారు. ఆయన నమ్మింది సర్కారును కాదు, కింద ఉన్న నా పేరును. అది తెలిసీ రాశాను.

కోటిపల్లి రేవులో నిలబడి చూడండి. గౌతమిలో వంతెన స్తంభాలు లేచి కనబడతాయి. అట్టపెట్టె విప్పి, కొన్ని ముక్కలు నిలబెట్టి, మధ్యలో లేచి వెళ్ళిపోయినట్టు.

వంతెనలంటే గుర్తొచ్చింది. నేను మొదట రైలెక్కింది అబ్బాతో, రాజమండ్రిలో. బండి గోదావరి పాత వంతెన మీదికి రాగానే జనం కిటికీల్లోంచి చిల్లర విసిరారు. నేనూ విసిరాను. అబ్బా ఏమీ అనలేదు. కాసేపయ్యాక మాత్రం "నదికి సలాం చెప్పినా చాలు బేటా" అన్నారు. 1900లో మొదలైన ఆ హావ్‌లాక్ వంతెన దాదాపు వందేళ్ళు పనిచేసి 1997లో రిటైరయ్యింది. 56 ఖానాలు, ఒక్కోటి 150 అడుగులు. మా డబ్బా పైమానాలో కడితే ఒక్కో ఖానా 60 సెంటీమీటర్లు, మొత్తం 33 మీటర్ల పైచిలుకు. మా సందు ఈ మూల నుంచి మసీదు గోడ దాకా వస్తుంది. కోటిపల్లి-నర్సాపురం లైను మొత్తం వేస్తే ముప్పావు కిలోమీటరు. బిటియా నోట్‌బుక్కులో ఈ లెక్కలన్నీ వేసి, "ఇది మనం కట్టేయొచ్చు" అంది. బీరువా మీది పెట్టె దింపడానికి మూడేళ్ళు పట్టిన మనిషిని, నేనేమంటాను!

రంగుల దగ్గర మాకు గొడవయ్యింది.

ముందుగా బరువు సంగతి. ఖాళీ ప్లాస్టిక్ డబ్బా మరీ తేలిక, మలుపులో పట్టా తప్పుతుంది. ఇరుసుకి 25 గ్రాముల లెక్కన మొత్తం 50 గ్రాములు ఉండాలంటారు. పేట బజారులో వలలకు కట్టే సీసం గుండ్లు కొని, కంసాలి త్రాసులో తూచి, లోపల అంటించి కప్పు మూశాను. సీసం కదా, ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఇంట్లో ఈ పని చేసేవాళ్ళు పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

తర్వాత అస్తర్ పూత. జూలై నెల, మూడు రోజులుగా ముసురు. ఆగలేక డాబా మీద షెడ్డులో డబ్బా పెట్టి స్ప్రే కొట్టాను. పొద్దునకి చూస్తే గోడలన్నీ పొగ పట్టినట్టు తెల్లగా ఉన్నాయి. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు రంగు ఆరేలోపు నీటి ఆవిరి దాని మీద చేరి అలా అవుతుంది. కోనసీమలో ఈ షౌక్‌కి మొదటి శత్రువు వాతావరణమే. గీకి, కడిగి, ఎండ కోసం తొమ్మిది రోజులు ఇంతెజార్. అబ్బా ఏమీ అనలేదు, గోడ గడియారం వైపు మాత్రం ఒకసారి చూశారు.

రంగు ఏది వెయ్యాలన్నది పెద్ద మసలా కాలేదు. పాతకాలం గూడ్స్ వ్యాగన్ల ఎర్ర గోధుమ రంగు, మన ఇళ్ళలో గచ్చుకీ కిటికీ ఊచలకీ వేసే రెడ్ ఆక్సైడ్, రెండూ ఒక ఖాందానే. ఐరన్ ఆక్సైడ్ చవక, ఇనుముకి తుప్పు పట్టనివ్వదు. అందుకే రైల్వే వాళ్ళకీ, మన తాపీ మేస్త్రీలకీ అదే నచ్చింది. పల్చగా మూడు పూతలు వేశాను. గొడవ ఆ తర్వాత. కొత్త రంగు నిగనిగలాడుతూ ఉంటే నమూనా బొమ్మలా కనబడుతుంది. పొడి రంగులతో దాన్ని పాతబడేలా చెయ్యాలి. నేను ఇటుక పొడి పల్చటి గుడ్డలో జల్లించి, అమ్మీ సుర్మాదానీ లోంచి చిటికెడు సుర్మా తీసి, చక్రాల దగ్గర మురికి, కప్పు మీద మసి పులమబోయాను. అమ్మీ సుర్మా కోసం ఒక రకంగా తిట్టింది. అబ్బా ఇంకో రకంగా అడ్డుపడ్డారు. "కొత్త డబ్బాకి మురికి ఎందుకు పూస్తావు?"

"దాదాజాన్ చూసిన డబ్బాలా ఉండాలి కదా అబ్బా. అది కొత్తది కాదు."

"నాన్న చూసింది పాతదే. ఇది నాది. నేను కొత్తదే చూస్తాను."

ఇటుక పొడి పారబోశాను. సుర్మా తిరిగి సుర్మాదానీలో పెట్టాను.

చివరికి పేరు. కిట్‌లో ఇచ్చిన అక్షరాలు బ్రిటన్ రైల్వేవి, మనకు పనికిరావు. కాకినాడ వైపు ఆ రోజుల్లో నడిచింది మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే. అది రాయాలని నా జిద్. అబ్బా 'అమలాపురం' అని రాయమన్నారు. వ్యాగన్ మీద ఊరి పేరు ఉండదు, దాని యజమాని రైల్వే పేరే ఉంటుందని చెప్పాను. ఆయన అలిగారు. రెండు రోజుల తర్వాత ఒక పాత ఫోటోలో నాకు దారి దొరికింది. గూడ్స్ వ్యాగన్ పక్కన ఒక చిన్న రేకు క్లిప్ ఉంటుంది, అందులో కాగితం చీటీ దూర్చి ఉంటుంది. ఏ స్టేషన్ నుంచి, ఏ స్టేషన్‌కి, ఏం సరుకు, ఏ తేదీ. యార్డులో దాన్ని చూసే డబ్బాని ఏ బండికి తగిలించాలో తేల్చేవారు. గోడ మీద తప్పు రాయకుండా ఊరి పేరు పెట్టే చోటు అదే.

ఆవాలంత చీటీ కోశాను. అబ్బా భూతద్దం నా కంటికి బిగించి, సూదిమొన పెన్నుతో ఒక వైపు తెలుగులో, వెనక ఉర్దూలో రాశాను. అమలాపురం నుంచి కాకినాడ. కొబ్బరి తాళ్ళు. ఉర్దూ వైపు సగం అలుక్కుపోయింది. చీటీని చిమటాతో అంటించి డబ్బా అబ్బా చేతికిచ్చాను. ఆయన భూతద్దం తాను పెట్టుకుని, దీపం కింద చాలాసేపు చూశారు. చేతులు వణుకుతుంటే బిటియా కింద నుంచి పట్టుకుంది.

"తారీఖు వెయ్యలేదేమి?" అన్నారు.

"చోటు చాల్లేదు అబ్బా."

"ఇక్కడ ఉంది కదా" అని గోటితో చూపించారు. నిజమే, కింద కాస్త ఖాళీ ఉంది. ప్రస్తుతానికి అలాగే ఉంచాను.

డబ్బా ఇప్పుడు ఆయన మంచం పక్క గూట్లో, నమాజ్ టోపీ పక్కన ఉంది. పట్టా లేదు కాబట్టి రెండు అగ్గిపెట్టెల మధ్య నిలబెట్టాం. భాంజా డిసెంబరులో వస్తున్నాడు, రెండు గజాల పట్టా తెమ్మని బిటియా వాట్సాప్‌లో హుకుం జారీ చేసింది. రెండో డబ్బా కూడా అడిగింది. ఈసారి బ్రేకు వ్యాన్ కావాలట, గార్డు నిలబడేది.